తెలుగు రానివాళ్ల తెలుగు కీర్తన

ఏటా పుష్య బహుళ పంచమి నాడు తంజావూరు దగ్గరి తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, వందల మంది గాయకులు, వైణికులు, వయొలిన్ వాళ్లు, మృదంగం వాళ్లు వరుసల్లో కూర్చుని త్యాగరాజు పంచరత్న కీర్తనలను గొంతు కలిపి పాడతారు. నాట రాగంలోని మొదటి కీర్తన సంస్కృతం. గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని మిగతా నాలుగూ తెలుగు. పాడేవాళ్లలో ఎక్కువ మంది ఇంటి భాష తమిళం. మలయాళం, కన్నడం మాట్లాడేవాళ్లూ ఉంటారు. తెలుగు చదవనూ రాయనూ వచ్చినవాళ్లు కొద్దిమందే. అయినా ఆ పూట అక్కడ జరిగేది కచేరీ లెక్కలోకి రాదు. అది ఆరాధన, పాడేవాళ్లకు పూజ. సంగీతం భాషల ఎల్లలు దాటి మనుషుల్ని కలుపుతుందన్న మాట ఎంతవరకు నిజమో చూడడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ఎందుకంటే ఆ మాటతో పాటు ఇక్కడ ఇంకో చిక్కు ప్రశ్న కూడా లేస్తుంది. తాను ఏమంటున్నాడో పూర్తిగా తెలియని మనిషి చేసే ప్రార్థన దేవుడికి చేరుతుందా? చేరితే చేరేది మాటా, నాదమా?

తమిళదేశం నడిబొడ్డున తెలుగు పాట ఎలా పాతుకుందని అడిగితే తరచూ వినిపించే జవాబు ఒకటుంది: తెలుగు అజంత భాష, అచ్చుతో ముగిసే మాట రాగానికి ఒదుగుతుంది. ఒదుగుతుంది, నిజమే. కానీ హల్లుతో ముగిసే మాటలు బోలెడున్న తమిళంలో తేవారాలనే శివస్తుతులను వెయ్యేళ్లకు పైగా పాడుతూనే ఉన్నారు, వాటికి రాగమేమీ కొరవడలేదు. అసలు కారణం రాజ్యాల చరిత్రలో ఉంది. 16వ శతాబ్దంలో విజయనగరం తరఫున తంజావూరును ఏలడానికి వచ్చిన నాయకరాజులు తెలుగువాళ్లు. రఘునాథ నాయకుడి కొలువులో తెలుగు కావ్యం, యక్షగానం ఒక వెలుగు వెలిగాయి. 1670లలో రాజ్యం మరాఠాల చేతికి పోయినా తెలుగు పాట పీట కదల్లేదు. మరాఠీ మాట్లాడే శాహజీ మహారాజే తెలుగులో యక్షగానాలు రాశాడు. క్షేత్రయ్య పదాలు దేవదాసీల నోట, నట్టువనార్ల తాళంలో నిలిచాయి. 1767లో త్యాగరాజు తిరువారూరులో పుట్టేనాటికి ఆ నేల మీద తెలుగు పాట పరాయిది కాదు. ఆయన ఇంట్లో మాట్లాడిందీ తెలుగే. ఆ ఇంటి మాటలతోనే ఆయన రాముణ్ణి బతిమాలాడు, దెప్పిపొడిచాడు, అలిగాడు. ప్రబంధ కవుల బరువైన సమాసాల జోలికి చాలా చోట్ల పోనేలేదు.

ఆ కీర్తనలు మనదాకా రావడం వెనుక పలు భాషల వాళ్ల చేయి ఉంది. ముఖ్య శిష్యుల్లో ఒకరైన వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ఇంటి భాష సౌరాష్ట్రం. గుజరాత్ వైపు నుంచి దక్షిణాదికి వలస వచ్చిన పట్టు నేతగాళ్ల భాష అది. ఆయన పరంపరలో రాసిపెట్టిన ప్రతులు మధురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం పరంపరలు తమిళుల చేతుల మీదుగా నడిచాయి. అచ్చు పుస్తకాల కాలం వచ్చేసరికి కొత్త ఇబ్బంది ఎదురైంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. పుస్తకాలు వేసేవాళ్లు దానికో ఉపాయం కనిపెట్టారు. అక్షరం పక్కన చిన్న అంకె వేస్తారు. అంకె లేకపోతే క, 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. ట, త, ప వర్గాలకూ ఇదే లెక్క. కీర్తనలో రఘురాముడి పేరు వచ్చిన చోటల్లా తమిళ పుస్తకంలో ఆ అక్షరం పక్కన 4 కనిపిస్తుంది. ఆ అంకెలు చూసుకుంటూ, గురువు దగ్గర తిట్లు తింటూ, తరాల తరబడి తమిళ పిల్లలు తమది కాని భాషకు నోరు తిప్పుకున్నారు. సంగీతం దానంతటదే కలిపిందనడం కన్నా, పాట కోసం మనుషులు ఇంత పాటుపడ్డారనడం సబబు.

పాటుపడినా అన్నిసార్లూ ఫలించదు. విరవకూడని చోట పదం విరిచి అర్థాన్ని తలకిందులు చేశారని తెలుగు శ్రోతలు విసుక్కోవడం పాత ముచ్చటే. అయితే చౌక కాలంలో ఒక్క అక్షరాన్ని సగం ఆవర్తం పొడవునా సాగదీస్తుంటే తెలుగింట పుట్టినవాడికి కూడా అన్వయం అందదు. కీర్తన విన్నాక సాహిత్యం పుస్తకంలో చూసుకునే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. అర్థం పూర్తిగా తెలియకుండా పాట విని కదిలిపోవడం అన్ని భాషల వాళ్లకూ అనుభవమే.

అర్థం తెలియని ఉచ్చారణ మీద మన దగ్గర చర్చ చాలా పాతది. యాస్కుడి నిరుక్తంలో కౌత్సుడనే పూర్వపక్షి వేదమంత్రాలకు అర్థమే లేదని వాదిస్తాడు. మంత్రంలో మాటల వరస మార్చకూడదు, ఒక మాట తీసి అదే అర్థమున్న ఇంకో మాట వేయకూడదు. అలాంటప్పుడు పని చేసేది ధ్వనే గదా అని అతని తర్కం. యాస్కుడు ఒప్పుకోడు. లోకంలో వాడే మాటల్లోనూ స్థిరమైన వరసలున్నాయని చూపిస్తాడు. వేదం వల్లించి అర్థం తెలుసుకోనివాణ్ణి బరువు మోసే స్తంభంగా చెప్పిన పాత శ్లోకాన్ని ముందుకు తెస్తాడు. తరవాతి మీమాంసకులూ అర్థం పక్షానే నిలబడ్డారు. శాస్త్రంలో ఓడిపోయిన కౌత్సుడు ఆచారంలో గెలిచాడనాలి. స్వరం తప్పకూడదన్న పట్టింపు వేదపాఠశాలల్లో ఇప్పటికీ ఎంత గట్టిగా ఉందో, అర్థం తెలియాలన్న పట్టింపు అంత గట్టిగా లేదు.

ఆలంకారికులు ఇదే ప్రశ్నను ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. 9వ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో, వస్తువును నేరుగా చెప్పే శక్తి వేరు, రసాన్ని స్ఫురింపజేసే శక్తి వేరు అని నిరూపించాల్సి వచ్చినప్పుడు పాటనే సాక్ష్యంగా తెచ్చాడు. గీతధ్వనికి వాచ్యార్థం లేదు, అయినా రసం పుడుతోంది. కాబట్టి రసం పుట్టడానికి వాచ్యార్థం తప్పనిసరి కాదు. ఆయన గ్రంథానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు భట్టనాయకుడి సాధారణీకరణ సిద్ధాంతాన్ని తీసుకుని విస్తరించాడు. కావ్యంలో, నాటకంలో కలిగే శోకం రాముడి సొంతం కాదు, నటుడి సొంతం కాదు, చూసేవాడి ఇంటి గొడవ అంతకన్నా కాదు. ఫలానా మనిషిదన్న గుర్తు ఊడిపోయిన భావం అది. ఎవరిదీ కాదు కాబట్టే అందరూ పంచుకోగలరు.

అదే అభినవగుప్తుడు తంత్రాలోకంలో సభ గురించి చెప్పిన మాట ఈ చర్చకు ఇంకా దగ్గరిది. నృత్యమో గీతమో జరుగుతున్న చోట అందరి మనసూ ఒకే దాని మీద నిలిస్తే, విడివిడి దేహాల్లో ముడుచుకున్న చైతన్యం విచ్చుకుని ఒకటవుతుందనీ, ఆ ఆనందం ఒంటరిగా అనుభవించేదాని కన్నా నిండుగా ఉంటుందనీ ఆయన అంటాడు. దానికో షరతు పెట్టాడు. ఆ సభలో తన్మయుడు కానివాడు ఉంటే ఐక్యానికి గండి పడుతుంది. సంగీతం గురించిన పొగడ్తల్లో ఈ షరతును సాధారణంగా ఎవరూ తలవరు. కలపడం స్వరాల గుణంగా చెప్పుకోవడం సులువు. అభినవగుప్తుడి లెక్కలో మాత్రం కలవడమన్నది వినేవాళ్లు తమ వంతు పని చేస్తేనే జరుగుతుంది. ఆ పనికి భాష రాకపోవడం అడ్డం కాదు, మనసు పెట్టకపోవడం అడ్డం.

సంగీత శాస్త్రం ఈ ఆలోచనకు దేవుణ్ణి జోడించింది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో సంగీత రత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడిది కాశ్మీరం నుంచి దక్కనుకు వచ్చిన కుటుంబం. నాదాన్ని ఆయన అనాహతం, ఆహతం అని రెండుగా చూపాడు. మొదటిది యోగులు లోపల ఉపాసించేది, జనాన్ని రంజింపజేసే గుణం దానికి లేదు. రెండోది తీగ మీటితే, గొంతు విప్పితే పుట్టేది. లోకాన్ని రంజింపజేస్తూనే సంసార బంధాన్ని తెంచేది ఈ రెండోదే అంటాడు. నాదోపాసన అన్న మాట వెనుక ఉన్న భరోసా ఇది. త్యాగరాజుకు ఇది బాగా తెలుసు. నాదాన్నే శివుడి దేహంగా స్తుతిస్తూ చిత్తరంజని రాగంలో సంస్కృత కీర్తన కట్టాడు. అయితే ధన్యాసిలో చేసిన ‘సంగీత జ్ఞానము’ కీర్తనలో భక్తి లేని సంగీత జ్ఞానం మంచి దారి కాదని తేల్చేశాడు. పైపైన చూస్తే రెండింటికీ పొసగనట్టు ఉంటుంది. కానీ ఆయన అడిగింది భక్తి. నిఘంటువు చూసి తెలుసుకునే అర్థం వేరు, భక్తి వేరు. మాట తెలిసి మనసు లేనివాడు, మనసుండి మాట తెలియనివాడు ఇద్దరూ అసంపూర్ణులే అయినా, త్యాగరాజు దెప్పింది మొదటివాణ్ణే.

పాట నిర్మాణం కూడా మాట తెలియనివాడికి చెయ్యందించేలాగే ఉంటుంది. కాంభోజిలోని ‘ఓ రంగశాయి’ తీసుకోవచ్చు. శ్రీరంగంలో పవ్వళించిన దేవుణ్ణి పిలిచి, పిలిస్తే పలకవేమని నిలదీయడం పల్లవి సారాంశం. ఆ కొద్ది మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రతిసారీ ఒక సంగతి, అంటే అదే మాటకు రాగంలో ఇంకో మలుపు, పెరుగుతుంది. మొదట మధ్య స్థాయిలో నింపాదిగా నడిచిన పిలుపు, సంగతి మీద సంగతి పడుతూ తారస్థాయికి ఎక్కుతుంది. మాట మారదు, పిలిచేవాడి ఆత్రం పెరుగుతుంది. శ్రీరంగనాథుడు తమిళ శ్రోతకు ఇంటి దేవుడే. ఆ పేరు అందితే చాలు, ఇది పిలుపనీ, జవాబు రాలేదనీ నాలుగో సంగతికల్లా తెలిసిపోతుంది. ఇక్కడ శ్రోతకు చేరినదాన్ని అర్థం కాదనడం కష్టం. వ్యాకరణం దారిన రాకుండా రాగం దారిన వచ్చిన అర్థం అది. ఆ దారికి రాగ పరిచయం, గుడి పరిచయం రెండూ కావాలి. ఆ రెండూ లేని ఊళ్లో ఇదే పాట ఇంత దూరం పోదు.

నాదం మాటను మింగేస్తుందేమోనన్న భయం వేరే మతాల్లోనూ ఉంది. 4వ శతాబ్దం చివర మిలాన్‌లో క్రైస్తవ గీతాలు విని కన్నీళ్లు పెట్టుకున్న అగస్టీన్, తన కన్ఫెషన్స్ పదో భాగంలో ఎటూ తేల్చుకోలేకపోతాడు. పాడే విషయం కన్నా పాడే తీరే తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమే అంటాడు. అలాగని బలహీన మనసులను భక్తి వైపు లేపే పాటను గుడిలోంచి తీసేయమనలేకపోతాడు. 1111లో కన్నుమూసిన అల్ గజాలీ సూఫీలు పాట వినే సమా గోష్ఠుల గురించి రాస్తూ ఇంకా ధైర్యంగా తేల్చాడు. అరబ్బీ పద్యం వింటున్న పారశీకుడొకడు అందులోని ధ్వనిని తన భాషలోని మాటగా పొరబడి, తమ దీనస్థితి చెబుతున్నారనుకుని పారవశ్యంలో పడ్డ ఉదంతాన్ని ఆయన చెప్పాడు. కవి అనుకున్నది అది కాదు. అయినా ఆ పారవశ్యం నిజమైనదేనని గజాలీ తీర్పు. వినేవాడు ఏ స్థితిలో ఉన్నాడో ఆ స్థితికి తగ్గట్టు పాట అందుతుంది, కవి ఉద్దేశం దానికి కొలత కాదు. తిరువయ్యారులో పదం తప్పుగా విరిచి, కళ్లు మూసుకుని పాడే గాయకుడికి ఇంతకు మించిన వకీలు దొరకడు.

సంగీతం విశ్వభాష అన్న మాట ఆధునిక పరిశోధన ముందు సగమే నిలబడింది. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో 86 చిన్న సమాజాల పాటల నుంచి 14 సెకన్ల ముక్కలు తీసి 60 దేశాల శ్రోతలకు వినిపించారు. జోలపాట, నాట్యపు పాట ఏవో వాళ్లు బాగానే పోల్చుకున్నారు. ప్రేమపాటను సరిగా పోల్చుకోలేకపోయారు. కామెరూన్ కొండల్లోని మఫా జనం, పాశ్చాత్య సంగీతం అంతకుముందు వినకపోయినా, అందులోని సంతోషాన్నీ విషాదాన్నీ భయాన్నీ గుర్తుపట్టారని 2009లో తేలింది. బొలీవియా అడవుల్లోని త్సిమానే జనానికి మాత్రం, శ్రుతి కలిసిన స్వరాలు కలవనివాటి కన్నా ఇంపుగా అనిపించలేదని 2016లో తేలింది. లయ, వేగం, గొంతు ఒరవడి దూరం ప్రయాణిస్తాయి. విరహమో శరణాగతో ప్రయాణించాలంటే నేర్చుకోవాలి. తిరువయ్యారులో కలుస్తున్నది ఒకే రాగ పద్ధతిలో, ఒకే తాళ పద్ధతిలో ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాళ్లు. భాషలు వేరైనా చెవి ఒకటే.

ఒకే చెవి ఉన్నవాళ్ల మధ్య కూడా కలయిక సాఫీగా సాగలేదు. 20వ శతాబ్దం మొదట్లో త్యాగరాజు ఆరాధనను పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలు విడివిడిగా జరిపేవి. ఆడవాళ్లు పాడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మైసూరు సంస్థానంలోని నంజనగూడులో 1878లో పుట్టిన దేవదాసి విదుషి బెంగళూరు నాగరత్నమ్మ, త్యాగరాజు సమాధి పాడుపడిందని తెలుసుకుని, స్థలం కొని, 1920లలో సొంత డబ్బుతో అక్కడ గుడి కట్టించింది. గుడి కట్టించిన మనిషికే ఆ గుడి ముందు పాడే హక్కు లేదు. ఆమె ఆడవాళ్లతో వేరే ఆరాధన మొదలుపెట్టింది. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ రాజీపడ్డాయి, ఆడా మగా కలిసి పంచరత్నాలు పాడే ఏర్పాటు స్థిరపడింది. అనాదిగా వస్తున్నట్టు కనిపించే ఆ బృందగానానికి వందేళ్లు కూడా లేవు. నాదం తనంత తానుగా తెరవని తలుపును ఒక స్త్రీ పట్టుదల తెరిపించింది.

అదే దశకంలో భాష గొడవ కూడా రాజుకుంది. తమిళదేశపు కచేరీల్లో తమిళ పాటకు చివర పాడే చిన్న పాటల, తుక్కడాల, చోటే మిగిలిందన్నది ఫిర్యాదు. అన్నామలై చెట్టియార్ పూనికతో తమిళ ఇసై ఉద్యమం ఊపందుకుంది. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. రాజాజీ, రచయిత కల్కి దాని పక్షాన నిలిచారు. సంగీతానికి భాష లేదని ఎదుటి పక్షం అంది. ఆ వాదంలో ఒక మోసం ఉంది. సంగీతానికి నిజంగా భాష లేకపోతే, తమిళంలో పాడమన్నప్పుడు అంత అభ్యంతరం ఎందుకు? తెలుగువాళ్లకు ఈ చరిత్ర గర్వంగా ఉండొచ్చు గానీ, తమ ఊళ్లో తమ భాషలో దేవుణ్ణి పాడుకోవాలన్న కోరిక న్యాయమైనదే. త్యాగరాజు చేసింది కూడా ఇంటి భాషలో పాడుకోవడమే.

మతాల మధ్య కూడా ఇలాంటి సగం తెరిచిన తలుపులే కనిపిస్తాయి. ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్లిన షేక్ చిన మౌలానా శ్రీరంగంలో స్థిరపడి, నాగస్వరంలో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు, అక్కడే నాగస్వర ఆశ్రమం నెలకొల్పాడు. కోస్తా ఆంధ్రలో తరాలుగా రామాలయాల ఉత్సవాలకు నాగస్వరం వాయించే ముస్లిం కుటుంబాలున్నాయి. వాళ్లు నమాజు మానలేదు, త్యాగరాజ కీర్తనా మానలేదు. ఇంకోవైపు, క్రైస్తవుడైన కె.జె. యేసుదాసు గొంతుతో రాత్రి శబరిమల గుడి తలుపులు మూస్తారు. అదే కేరళలోని గురువాయూరు గుడిలోకి హిందువులు కానివారికి ప్రవేశం లేదు. కృష్ణుణ్ణి ఎంత పాడినా ఆయనకు ఆ గడప దాటే అనుమతి దొరకలేదు. పాట లోపలికి పోయింది, పాడినవాడు బయట ఉన్నాడు.

ఇచ్చిపుచ్చుకోవడం దక్షిణాది లోపలే ఆగిపోలేదు. త్యాగరాజు సమకాలికుడు ముత్తుస్వామి దీక్షితులు, కుంఫిణీ బ్యాండు వాయించే ఐరోపా బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టాడు. వాటిని నొట్టుస్వర సాహిత్యాలంటారు. బ్రిటిష్ రాజగీతం బాణీ కూడా వాటిలో అమ్మవారి స్తుతిగా మారిపోయింది. ఆయన తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. ఇవాళ వయొలిన్ లేని గాత్ర కచేరీని ఊహించడం కష్టం. ఆ వాద్యం పరదేశిదన్న సంగతి ఎవరికీ గుర్తే రాదు. 1960లలో జాన్ హిగ్గిన్స్ అనే అమెరికన్ మద్రాసు వచ్చి నేర్చుకుని, తిరువయ్యారు ఆరాధనలో పాడి, హిగ్గిన్స్ భాగవతార్ అనిపించుకున్నాడు.

తెలుగు నేలకు త్యాగరాజు సంగీతం తిరిగి వచ్చింది కూడా తంజావూరు మీదుగానే. త్యాగరాజు శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ఆ బాణీని కృష్ణా తీరానికి తెచ్చాడు. ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుకు, పంతులు నుంచి మంగళంపల్లి బాలమురళీకృష్ణకు అది అందింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. అక్కడ పంచరత్నాలు పాడే పిల్లల్లో చాలామంది తమిళ, తెలుగు ఇళ్లవాళ్లే అయినా ఆ రెండు లిపులూ చదవలేక సాహిత్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా ఇప్పుడు త్యాగరాజు తెలుగు, ఒకప్పటి తమిళ పిల్లలకు లాగే, గురువు నోటి నుంచి పట్టి నేర్చుకోవాల్సిన భాష అయింది. అర్థం చెప్పి పాఠం మొదలుపెట్టే గురువులున్నారు, ముందు స్వరం కుదరనీ అర్థం తరవాత చూద్దాం అనేవాళ్లూ ఉన్నారు. యాస్కుడికీ కౌత్సుడికీ మధ్య తెగని వాదం వాళ్ల పాఠాల్లో ఇంకా నడుస్తూనే ఉంది.